పాత మినీకీ ఇప్పటి మినీకీ పేరు తప్ప సంబంధం ఏమైనా ఉందా?

పాత బ్రిటిష్ కారు పేరు తీసుకుని బీఎండబ్ల్యూ వాళ్ళు వేరే పెద్ద కారుకి తగిలించారంటారు, నిజమేనా అని అడిగారు కదా. సగమే నిజమండి. నేను ఆక్స్‌ఫర్డ్‌లో కౌలీ దగ్గర నాలుగేళ్ళు అద్దెకున్నా, పక్కింటి పెద్దాయనకి అరవైల నాటి మినీ ఉండేది, నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్నది బీఎండబ్ల్యూ వాళ్ళ కొత్త మినీ, రెండూ ఒకే వీధిలో నిలబడి ఉండేవి కాబట్టి చూసింది చెప్తా.

అసలా కారు పుట్టిందే పెట్రోల్ కరువులో. 1956లో సూయజ్ కాలువ గొడవతో బ్రిటన్‌లో పెట్రోల్‌కి రేషన్ పెట్టారు, జనం బుడగలా గుండ్రంగా ఉండే బుల్లి బబుల్ కార్ల వెంట పడ్డారు, అది చూసి బీఎంసీ అనే బ్రిటిష్ కార్ల కంపెనీ ఛైర్మన్ లెనార్డ్ లార్డ్ ఇసిగోనిస్ అనే ఇంజనీర్ని పిలిచి సరైన చిన్న కారు ఒకటి చెయ్యి, ఇంజిన్ మాత్రం మన దగ్గరున్నదే వాడాలి అన్నాడు. ఆయనేమో ఇంజిన్ని అడ్డంగా తిప్పి పెట్టి, గేర్‌బాక్స్‌ని దాని కిందే ఆయిల్ ఉండే చోట ఇరికించాడు, రెండిటికీ ఒకటే ఆయిల్! చక్రాలు 10 అంగుళాలవి, నాలుగు మూలలకీ నెట్టేశాడు, స్ప్రింగుల బదులు మౌల్టన్ అనే ఇంజనీర్ చేసిన రబ్బరు కోన్లు. మొత్తం పొడవు 3.05 మీటర్లు, అందులో 80 శాతం దాకా మనుషులకీ సామానుకే. 1959 ఆగస్టులో వచ్చింది.

పెద్దాయన ఒకరోజు బానెట్ ఎత్తి చూపించాడు. గ్రిల్ వెనకాలే డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచేది), దానికి గిన్నెలు తోముకునే రబ్బరు గ్లోవ్ తొడిగి ఉంది, వేళ్ళ కొసలు కత్తిరించి ఒక్కో దాంట్లోంచి ఒక్కో వైరు బయటికి తీశాడు. అడ్డంగా పెట్టిన ఇంజిన్ కదా, ఎదురు వాన నేరుగా దానిమీదే పడుతుంది, అప్పట్లో చాలామంది మినీ వాళ్ళ చిట్కా అదేనట. లోపల కూర్చుంటే ఐదడుగుల పదకొండున్న నాకు తల తగల్లేదు, డోర్ అద్దాలు పక్కకి జరుపుకునేవి, వాటికింద డోర్లో ఎంత పెద్ద అర ఉందో! అంత చిన్న బండిలో ఒక్క అంగుళం కూడా వృథా చెయ్యని ఆ ఇసిగోనిస్ బుర్రకి దండం పెట్టాలి.

రేసుల సంగతి అందరికీ తెలిసిందే, రేసు కార్లు చేసే జాన్ కూపర్ చెయ్యి పడ్డాక 1964, 65, 67లో మాంటే కార్లో ర్యాలీ గెలిచింది, 66లో మొదటి మూడు స్థానాలూ మినీలవే అయినా హెడ్‌లైట్ల వంకతో వాటిని పోటీలోంచి తీసేశారు.

1994లో, అప్పటికి మినీ చేస్తున్న రోవర్ కంపెనీని బీఎండబ్ల్యూ కొంది, 2000లో రోవర్‌ని వదిలించుకుని మినీని మాత్రం ఉంచుకుంది. అదే ఏడాది అక్టోబర్‌లో పాతది ఆగిపోయింది, అప్పటికి దాదాపు 53.8 లక్షల కార్లు. 2001లో కొత్తది కౌలీ ఫ్యాక్టరీలో మొదలైంది, మొదట్లో మోరిస్ పేరుతో మినీలు తయారైందీ ఆ కౌలీలోనే. మన అంబాసిడర్‌కి మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ది కూడా ఆ ఊరే, మా నాన్న రాజమండ్రిలో ఇరవై ఏళ్ళు అంబాసిడర్ టాక్సీ నడిపాడు, ఆ ఫ్యాక్టరీ గేటు ముందు మొదటిసారి నిలబడ్డప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది.

మరి సంబంధం ఉందా అంటే, చోటు విషయంలో లేదనే అంటా. 2001లో వచ్చినదాని పొడవు 3.63 మీటర్లయింది, పెరిగినదాంట్లో వెనక సీటుకి దక్కింది కొంచెమే. కానీ చక్రాలు ఇంకా మూలల్లోనే, స్టీరింగ్ ఇలా తిప్పితే బండి అలా తిరుగుతుంది, ఆ గుణం మాత్రం పాతదాన్నుంచే వచ్చింది. పెద్దాయన నా బండి రింగ్ రోడ్ మీద ఒక రౌండు నడిపి దిగి, బరువెక్కింది గానీ మాదే అన్నాడు.