బ్యాకప్ ఉంది సరే, తిరిగి వస్తుందా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో చిన్న కంపెనీ, డెవలపర్లం ఎనిమిది మందిమి. కోడంతా ఆఫీసులోనే ఒక సర్వర్ మీద గిట్‌ల్యాబ్ (కోడ్ దాచుకుని టీమంతా కలిసి పనిచేసే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని నడుపుతున్నాం. దాన్ని చూసుకునే అన్న ఈమధ్యే వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ ‘రోజూ రాత్రి బ్యాకప్ అవుతుంది, నువ్వేం పట్టించుకోనక్కర్లేదు’ అన్నాడు. నేను రాసేది ఫ్రంటెండ్, సర్వర్ల సంగతి అంతంత మాత్రమే. రేపు ఏదన్నా అయితే నన్నే అడుగుతారని టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? – పేరు రాయొద్దన్న పాఠకురాలు

జవాబు: నిన్నటి బ్యాకప్ ఫైల్ తీసుకుని, వేరే మెషీన్ మీద రీస్టోర్ చేసి, అంటే అందులోని డేటాని తిరిగి ఎక్కించి చూడండమ్మా. మిగతావన్నీ దాని తర్వాతే. ఆఫీసులో ఖాళీగా ఉన్న డెస్క్‌టాప్ అయినా చాలు. లైవ్ సర్వర్ మీద మాత్రం వద్దు, రీస్టోర్ చేస్తే అది ఉన్న డేటాబేస్‌ని తుడిచేసి పాతది పెడుతుంది.

చాలామంది రెండు చోట్ల ఇరుక్కుంటారు. ఒకటి వెర్షన్. బ్యాకప్ తీసిన రోజు సర్వర్‌లో ఏ వెర్షన్, ఏ ఎడిషన్ ఉన్నాయో కొత్త మెషీన్ మీద కూడా సరిగ్గా అవే ఉండాలి, ఆ నంబర్ బ్యాకప్ ఫైల్ పేరులోనే కనిపిస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. గిట్‌ల్యాబ్ తన కాన్ఫిగరేషన్ ఫైల్‌నీ, సీక్రెట్స్ ఫైల్‌నీ ఆ బ్యాకప్‌లో పెట్టదు. కావాలనే పెట్టదు, ఎందుకంటే డేటాబేస్‌లో ఎన్‌క్రిప్ట్ చేసి దాచినవాటికి తాళంచెవి ఆ సీక్రెట్స్ ఫైలే. అవి ఈటీసీ కింద గిట్‌ల్యాబ్ ఫోల్డర్‌లో ఉంటాయి, విడిగా వేరే చోట భద్రపరచాలి. డిస్క్‌తో పాటు ఆ ఫైల్ కూడా పోయిందంటే కోడ్ వస్తుంది గానీ సీఐ వేరియబుల్స్ (కోడ్‌ని ఆటోమేటిగ్గా టెస్ట్ చేసేటప్పుడు వాడే పాస్‌వర్డ్‌లు, సెట్టింగ్‌లు) పనికిరావు, టూ ఫ్యాక్టర్ పెట్టుకున్నవాళ్లు లాగిన్ కాలేరు. అన్నట్టు, మనం మార్చకపోతే బ్యాకప్ ఫైళ్లు కూడా అదే సర్వర్‌లో పడుతుంటాయి. అదే డిస్క్ మీద ఉన్న కాపీని నేను బ్యాకప్ కింద లెక్కేయను.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, గిట్‌ల్యాబ్ కంపెనీకే ఇది జరిగింది. 2017 జనవరి 31 రాత్రి వాళ్ల ఇంజనీరు ఒకరు, రెప్లికా (అసలు డేటాబేస్‌కి నకలు ఉండే) సర్వర్ మీద ఉన్నాననుకుని అసలు సర్వర్ మీదే డేటాబేస్ ఫోల్డర్ తీసేశారు. క్షణాల్లో గ్రహించి ఆపేసరికి సుమారు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. సరే, రోజూ తీసే డంప్ (డేటాబేస్‌ని ఫైల్‌గా తీసిన కాపీ) ఉందిగా అని చూస్తే ఆ స్టోరేజ్ ఖాళీగా ఉంది. డేటాబేస్ నడిచే సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ 9.6 వెర్షన్, డంప్ తీసే ప్రోగ్రాం 9.2 వెర్షన్, రెండూ కలవవు, అందుకని అది రోజూ ఫెయిలవుతూనే ఉంది. ఫెయిలైందని చెప్పే మెయిళ్లను కూడా, డీమార్క్ (మెయిల్ నిజంగా పంపినవాళ్లదేనా అని తేల్చే పద్ధతి) సంతకం లేదని అవతలి సర్వర్ తిప్పికొడుతోంది. చివరికి వేరే పని కోసం చేత్తో తీసిన ఆరు గంటల ముందటి స్నాప్‌షాట్ (ఆ క్షణంలో డేటా ఉన్నది ఉన్నట్టు తీసిన కాపీ) వాళ్లని కాపాడింది. ఆ ఆరు గంటల్లో చేరిన ప్రాజెక్టులు, కామెంట్లు వేలల్లో పోయాయి. రిపాజిటరీలు మాత్రం క్షేమం.

ఆ కంపెనీని నేను మెచ్చుకునేది ఆ తర్వాత చేసిన పనికి. జరిగిందంతా దాచకుండా బయటపెట్టారు, ఆ రిపోర్టులో ఇంజనీరు పేరు లేదు. తప్పు ఎవరిది అని కాకుండా, ఏ సర్వర్ మీద ఉన్నామో టెర్మినల్‌లో స్పష్టంగా ఎందుకు కనిపించలేదు, బ్యాకప్ పని చేస్తోందో లేదో చూసే బాధ్యత ఎవరికీ ఎందుకు అప్పగించలేదు అని అడుగుతూ పోయారు. మీ టీమ్‌లో కూడా ఇదే సమస్య. అందుకే మేనేజర్‌తో నోటిమాటగా చెప్పి వదిలేయకండి, ‘రీస్టోర్ టెస్ట్’ అని టికెట్ వేయండి, మీతో పాటు ఇంకొకరి పేరు కూడా పెట్టించుకోండి. రీస్టోర్‌కి ఎంతసేపు పట్టింది, ఎక్కడ ఆగింది అన్నీ అందులోనే రాయండి. టెస్ట్ ఫెయిలైతే కంగారు పడొద్దు, సర్వర్ బాగున్నప్పుడే ఆ సంగతి తెలిసినందుకు మేనేజర్ మీకు థ్యాంక్స్ చెప్పాలి.

ప్రశ్న: ఇంట్లో పాత కంప్యూటర్ మీద ఇమిచ్ (సొంత సర్వర్‌లో ఫొటోలు దాచుకునే సాఫ్ట్‌వేర్) పెట్టి ఫొటోలన్నీ ఎక్కించాను. అమెరికాలో ఉన్న అక్క చూద్దామంటే, రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటినుంచి వచ్చే కనెక్షన్‌ని ఇంటి కంప్యూటర్‌కి పంపే సెట్టింగ్) చేసినా బయటినుంచి తెరుచుకోవట్లేదు. – ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: రూటర్ పేజీలో వాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు మీ రూటర్‌కి ఉన్న చిరునామా) చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టే, అంటే ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకి పంచుతున్నారు. ఇక మీ రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు. మీ ఇంటర్నెట్ వాళ్లని స్టాటిక్ ఐపీ (మారకుండా మీకొక్కరికే ఉండే చిరునామా) అడగొచ్చు, కొందరు అదనపు చార్జీకి ఇస్తారు. నేనైతే మీ కంప్యూటర్‌లో, మీ అక్క ఫోన్‌లో టెయిల్‌స్కేల్ (మీ పరికరాల మధ్య ప్రైవేటు నెట్‌వర్క్ కట్టే యాప్) వేసుకోమంటాను, దానికి పోర్టులేవీ తెరవక్కర్లేదు, ఇంటి సర్వర్ ఊరందరికీ కనబడదు కూడా. ఫొటోల ఫోల్డర్ ఒక్కటే కాపీ చేసుకుంటున్నట్టయితే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డంప్ కూడా కలపండి, ఆల్బమ్‌లు, ముఖాలకు పెట్టిన పేర్లు ఉండేది అందులోనే.