అడగండి చెబుతాం: కథకు పడే ఓటు

ప్రశ్న: 1983లో ఎన్టీఆర్ గెలిచింది కేవలం కృష్ణుడి వేషం పుణ్యాన అని మా నాన్న వాదన. మీరేమంటారు? (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: సగమే ఒప్పుకుంటాను. వేషం చూసే ఓటేస్తే 1989లో కల్వకుర్తిలో ఆయనే ఎందుకు ఓడిపోయారు? మొహం అదే, గొంతూ అదే. (హిందూపురంలో గెలిచారు లెండి.) నన్నడిగితే సినిమాల కన్నా ఎక్కువ పనిచేసింది బేగంపేట విమానాశ్రయం కథ. 1982 ఫిబ్రవరిలో ప్రధాని ఇందిర కొడుకు రాజీవ్ గాంధీ హైదరాబాద్ వస్తుంటే కాంగ్రెస్ ముఖ్యమంత్రి అంజయ్య కార్యకర్తల్ని వెంటేసుకుని ఆర్భాటంగా స్వాగతానికి వెళ్ళారు, ఆ హడావుడి నచ్చక రాజీవ్ అందరి ముందూ ఆయన్ని కసురుకున్నారు, కొద్ది రోజులకే అంజయ్య పదవి పోయింది. అక్కడున్నది ఎంతమంది చెప్పండి? రాష్ట్రమంతా మాత్రం పక్కనే నిలబడి చూసినట్టు చెప్పుకుంది. మార్చి 29న తెలుగుదేశం పార్టీ ప్రకటించి ఎన్టీఆర్ 'తెలుగువారి ఆత్మగౌరవం' అనేసరికి, ఆ మాటకు కావలసిన మనిషి, చోటు, అవమానం అన్నీ జనం నోళ్ళలో రెడీగా ఉన్నాయి.

కోపం అంతకుముందే ఉంది. ఒక్క అసెంబ్లీ కాలంలో నలుగురు ముఖ్యమంత్రులు, అందరినీ ఖాయం చేసింది ఢిల్లీయే. కానీ ఈ లెక్క చెబితే ఎవరికి మండుతుంది? ఓ పెద్దమనిషిని పదిమందిలో తిట్టారంటే మండుతుంది. పుట్టి తొమ్మిది నెలలైన పార్టీకి 294లో 201 సీట్లొచ్చాయి. రెండు రూపాయలకు కిలో బియ్యం హామీని కూడా తీసిపారెయ్యకూడదు, అది కథ కాదు, కంచంలోకి వచ్చే అన్నం.

ఇక ఆ కథలోంచి ఏం జారిపోయాయో చూడండి. అంజయ్యను ముఖ్యమంత్రిని చేసిందీ ఆ ఢిల్లీయే. అరవై మంది దాకా మంత్రులతో ఆయన పెట్టిన జంబో కేబినెట్ ఊసు ఎవరూ ఎత్తలేదు. తమాషా ఏమిటంటే, ఆ అంజయ్య కాంగ్రెస్ వదల్లేదు, 1984లో సికింద్రాబాద్ నుంచి ఎంపీగా గెలిచి అదే రాజీవ్ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు! ఆయన సర్దుకుపోయారు గానీ, ఆయన తరఫున కోపం తెచ్చుకున్న జనం సర్దుకోలేదు. అవే ఎన్నికల్లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ సీట్లలో 30 తెలుగుదేశానికి వేశారు.

ప్రశ్న: సినిమాలూ టీవీలూ ఇంతగా లేని రోజుల్లో కథలతో జనాన్ని కదిలించే ఈ పని ఎవరు చేసేవారు? (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: బుర్రకథ వాళ్ళు. మధ్యలో తంబురా పట్టుకున్న కథకుడు, అటూ ఇటూ వంతలు. ఒకరు హాస్యం, ఇంకొకరిని ఏకంగా రాజకీయ వంత అనే అంటారు. కథకుడు అల్లూరి సీతారామరాజు కథ పాడుతుంటే రాజకీయ వంత మధ్యలో ఆపి, అప్పటి ధరల గురించో దొరల గురించో ఓ మాట విసిరేవాడు. అప్పటిదాకా పాత కథ వింటున్నవాడికి అది తన ఊరి కథ అయిపోయేది. 1943లో పుట్టిన కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి, అందులో షేక్ నాజర్ లాంటి కథకులు దీన్ని ఊరూరా తిప్పారు. ఎంతగా పనిచేసిందో తెలియాలంటే ఒకటే గుర్తు: ఆ మండలి వాళ్ళే ఆడిన 'మా భూమి' నాటకాన్ని అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. పనికిరాని నాటకాన్ని ఎవరూ నిషేధించరు కదా.

ప్రశ్న: మా మామయ్యగారు వాట్సాప్‌లో వచ్చే ప్రతి రాజకీయ కథా నమ్మేస్తారు. లెక్కలు చూపిస్తే చిరాకు పడతారు. ఏం చెయ్యను? (ఒక కోడలు, కాకినాడ)

జవాబు: ముందు లెక్కలు చూపించడం మానండి. కన్నీళ్ళు పెట్టించిన కథకు మీరు పర్సంటేజీలు చూపిస్తే ఓడేది మీరే, పైగా ఇంట్లో టెన్షన్. ఫ్యామిలీ గ్రూపులో అందరి ముందూ కూడా వద్దు, పరువు సమస్య అయిపోతుంది. సాయంత్రం కాఫీ ఇచ్చేటప్పుడు మామూలుగా అడగండి: "మామయ్యగారూ, పాపం ఈవిడది ఏ ఊరండీ? ఎప్పుడు జరిగిందట?" ఆ మెసేజీల్లో సాధారణంగా ఊరి పేరు ఉండదు, తేదీ ఉండదు, 'ఒక పేద తల్లి' ఉంటుంది, చివర 'పదిమందికి పంపండి' ఉంటుంది. ఆయనే కళ్ళజోడు పెట్టుకుని వెతుక్కుంటారు. కాకపోతే మీకు నచ్చిన పార్టీ వాళ్ళ మెసేజీలనూ అలాగే అడగాలి సుమండీ, ఆయన ఊరుకోరు, మొదటి వారంలోనే మీ ఫోను తెరిపిస్తారు.