తెల్లారేసరికి చేపలెందుకు తేలుతున్నాయి?
పట్టణ చెరువులపై పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మృగశిరకు ముందు ఒక పెద్ద వాన పడ్డది. మర్నాడు పొద్దున్నే మా కాలనీ పక్క చెరువులో బొచ్చెలు, రవ్వులు చచ్చి తేలాయి. ఎవరో మందు కలిపారని అందరూ అంటున్నారు. నిజమెలా తెలుసుకోవాలి?
– మహబూబ్‌నగర్ పాఠకుడు

జవాబు: మందు అనుకునే ముందు మూడు సంగతులు చూడండి. ఏ వేళకు చచ్చాయి, ఏ సైజువి చచ్చాయి, ఏవి బతికాయి.

ఊపిరాడక చచ్చినవైతే తెల్లవారుజామున తేలుతాయి. పెద్ద చేపలు ముందు పోతాయి. నోళ్లు తెరుచుకుని, మొప్పలు విచ్చుకుని ఉంటాయి. కొర్రమట్ట, మార్పు చేపలు మాత్రం బతికే ఉంటాయి, ఎందుకంటే అవి నీటిపైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగలవు. విషమైతే వేళాపాళా ఉండదు. చిన్న పరకలు, కప్పలు, నీటి పురుగులు కూడా చస్తాయి, కొర్రమట్టా మిగలదు. అలాంటప్పుడు ఆలస్యం చేయకుండా శుభ్రమైన గాజు సీసాలో లీటరు నీళ్లు నింపి, ఐసులో పెట్టి, అప్పుడే చచ్చిన చేపలతో సహా జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి చేర్చండి. మధ్యాహ్నం దాకా ఆగితే ఆ నమూనాతో ఏమీ తేలదు.

మీరు రాసినదాన్నిబట్టి ఇది ఊపిరాడని చావే అనిపిస్తోంది. వేసవిలో నీళ్లు తగ్గి, మోరీ నీరు కలిసి చెరువు చిక్కటి ఆకుపచ్చగా మారుతుంది. ఆ నాచు పగలు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి మాత్రం చేపలతో పాటు తానూ పీల్చుకుంటుంది. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే బొచ్చె, రవ్వు హాయిగా ఉంటాయి. 3కి దిగితే మేత మానేస్తాయి. 2కి దిగితే పైకొచ్చి నోరు తెరుస్తాయి. పైగా వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువే ఇముడుతుంది: 20 డిగ్రీల దగ్గర సుమారు 9 మిల్లీగ్రాములు పడితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. ఆ స్థితిలో తొలి వాన మోరీల్లో నెలల తరబడి పేరుకున్న కుళ్లునంతా ఒక్కసారిగా చెరువులోకి తోస్తుంది. అడుగు బురద కదులుతుంది. మబ్బుతో నాచుకు ఎండ అందదు. ఉన్న కాస్త ఆక్సిజన్ ఆ రాత్రే అయిపోతుంది.

చేపలు నోరు తెరుస్తుండగా చూస్తే డీజిల్ ఇంజన్ పెట్టి చెరువు నీళ్లనే తోడి, ఎత్తు నుంచి చెక్క మీదో బండ మీదో పడేలా తిరిగి కొట్టండి. తోడే పైపు మూతి నీటి పైమట్టం నుంచి ఒక్క అడుగు లోతులోపే ఉండాలి. చెరువు అడుగున ఉన్న నీరు తోడితే గాలి లేని నీళ్లు, చెడు వాయువులు పైకొచ్చి మేలు కంటే కీడే ఎక్కువ. ఒక్క ఇంజన్ చెరువంతటినీ కాపాడలేదు, కానీ ఆ మూల చేపలు చేరి బతుకుతాయి. రాత్రి 2 గంటల నుంచి ఎండ బాగా పడేదాకా నడపాలి. చచ్చినవాటిని అదే పూట తీసి సున్నం చల్లి పాతిపెట్టండి, నీటిలో కుళ్లితే ఉన్న ఆక్సిజన్‌నూ తినేస్తాయి.

కంగారులో చెరువులో సున్నం బస్తాలు గుమ్మరించవద్దు. ఆకుపచ్చ నీటిలో సాయంత్రానికి పీహెచ్ 9 దాటి ఉండొచ్చు. సున్నం దాన్ని ఇంకా పెంచుతుంది, అప్పుడు నీటిలోని అమ్మోనియా విషమవుతుంది. పీహెచ్ కాగితంతో చూశాకే నిర్ణయించాలి.

ముందుగా పసిగట్టడానికి అడుగున్నర దారానికి తెల్ల రేకు పళ్లెం కట్టి మధ్యాహ్నం నీటిలో దింపండి. జానెడు లోతులోనే కనిపించకుండా పోతే నాచు మితిమీరినట్టే. ఆ వారం నుంచే మోరీ మూతి మళ్లించే పని, పెద్ద చేపలు పట్టేసి బరువు తగ్గించే పని మొదలుపెట్టాలి.

ప్రశ్న: ఏటా చేపపిల్లలు వదులుతున్నారు. వల వేస్తే జిలేబీలే (తిలాపియా చేపలే) పడుతున్నాయి. పిల్లలన్నీ ఏమవుతున్నాయి?
– నల్లగొండ పాఠకుడు

జవాబు: బొచ్చె, రవ్వు, మృగాల చేపలు నిలువ నీటి చెరువులో గుడ్లు పెట్టవు, వాటికి పారే వరద కావాలి. కాబట్టి వదిలినంతే ఉంటాయి, పట్టినకొద్దీ తగ్గుతాయి. జిలేబీ అలా కాదు. తల్లి గుడ్లను నోట్లోనే పెట్టుకుని పొదుగుతుంది, మూడు నెలల వయసుకే మళ్లీ ఈనడం మొదలుపెడుతుంది. గుంపు ఎక్కువై మేత చాలక అరచేయంత కూడా పెరగదు.

2016-17లో తెలంగాణలో మొదలైన ఉచిత చేపపిల్లల పంపిణీలో ఎండిపోయే చెరువులకు 35–40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీరుండే జలాశయాలకు 80–100 మిల్లీమీటర్ల పిల్లలు అని లెక్క పెట్టారు. పట్టణ చెరువు ఎండదు కాబట్టి వాలుగ, కొర్రమట్ట ఏడాదంతా అందులోనే ఉంటాయి. రెండు వేళ్ల పిల్ల వాటికి మేతే. మీ మత్స్య సహకార సంఘం 80 మిల్లీమీటర్లకు తగ్గని పిల్లలనే అడగాలి, ఇందులో రాజీ పడవద్దు. ఎకరాకు సుమారు 1,000 చొప్పున, అదీ చెరువు నిండినప్పటి విస్తీర్ణం మీద కాదు, వేసవిలో మిగిలే నీటి మీద లెక్కేయాలి.

దించే రోజు ఏదో ఒక సంచి మీరే ఎంచి, విప్పి, లెక్కపెట్టండి. మిగతా సంచులను నీటిపై 15–20 నిమిషాలు తేలనివ్వాలి, లోపలి నీరు, బయటి నీరు ఒకే వేడికి రావాలి. తర్వాత మూతి విప్పి చెరువు నీళ్లు కొద్దికొద్దిగా కలిపి, పిల్లలు వాటంతటవే ఈదిపోయేలా వంచాలి. ఎత్తు నుంచి గుమ్మరిస్తే సగం అక్కడే సొమ్మసిల్లుతాయి. పొద్దున లేదా సాయంత్రం, మోరీ మూతికి దూరంగా, మూడు నాలుగు చోట్ల వదలండి.

జిలేబీని పూర్తిగా తుడిచిపెట్టాలంటే చెరువు ఎండాల్సిందే. చిన్న కంతల వలతో జిలేబీ కోసం మాత్రమే వేసి, పడ్డ బొచ్చె పిల్లలను వెంటనే వదిలేస్తూ తగ్గించుకోవచ్చు.

ప్రశ్న: గాలానికి ఏ వేళ మంచిది? తెల్లారకముందే కూర్చుంటే ఒక్కటీ తగలడం లేదు.

జవాబు: మోరీ కలిసే చెరువుల్లో తెల్లవారుజామే చెడ్డ వేళ, చేప ఊపిరి కోసం అల్లాడుతూ మేత ముట్టదు. ఎండ ఎక్కాక 8 నుంచి 10 దాకా, మళ్లీ సాయంత్రం 4 తర్వాత కూర్చోండి. చలికాలంలో మధ్యాహ్నం మేలు. వానకాలం పడమటి గాలి వీస్తుంటే తూర్పు ఒడ్డు ఎంచుకోండి, అలలు కొట్టేచోట గాలి బాగా కలుస్తుంది.

వేరుశనగ చెక్క, తవుడు సమానంగా తీసుకుని, పిడికెడు గోధుమపిండితో ముద్ద చేయండి. నీటిలో పది నిమిషాలు నిలిస్తే పాకం కుదిరినట్టు. రవ్వుకు 8వ నంబరు గాలం, జిలేబీకి ఎర్ర (వానపాము) గుచ్చి 12వ నంబరు. బొచ్చె పైనీటిలో తింటుంది కాబట్టి బెండుకు రెండు మూడడుగుల కిందే ఎర ఉంచాలి, మృగాలకైతే అడుగు తాకాలి. వానల్లో ఒడ్డున ఎర్రటి పిల్లల గుంపు కదులుతుంటే అది కొర్రమట్ట సంసారం. కింద కాపలా ఉన్న తల్లిదండ్రులను పట్టారంటే ఆ గుంపంతా పోతుంది, దయచేసి వదిలేయండి. చెరువు మత్స్య సహకార సంఘం చేతిలో ఉంటే గాలానికీ వారి అనుమతి అడగాలి.

ప్రశ్న: ఈ చెరువు చేపలు తినొచ్చా? మట్టి వాసన వస్తుంది.

జవాబు: మట్టి వాసన నీలి-ఆకుపచ్చ నాచు నుంచి వచ్చి కొవ్వులో చేరుతుంది. బతికిన చేపను రెండు మూడు రోజులు మంచి నీటిలో ఉంచితే చాలావరకు పోతుంది. చింతపండు పులుపుకూ ఆ వాసన విరుగుతుంది. ఫ్యాక్టరీల నీళ్లు కలిసే చెరువు చేప మాత్రం ఏ పులుసుకూ బాగుపడదు, దాన్ని వదులుకోండి. ఇళ్ల మోరీలే కలిసే చోటైతే పేగులు, మొప్పలు పూర్తిగా తీసేసి బాగా ఉడికించాలి. మృగశిర నాడు గిరాకీ మీద తేలిన చేపలూ బజారుకొస్తాయి: వేలితో నొక్కితే గుంట అలాగే నిలిచినా, కన్ను లోపలికి పోయి మసకబారినా కొనవద్దు. 2000లోనే నిషేధించిన ఆఫ్రికా మార్పు కనిపిస్తే తిరిగి నీటిలో వదలకుండా మత్స్యశాఖకు చెప్పండి.