తపస్కాలంలో వార్తలు చూడటం మానేయాలా?

"ఈస్టరుకు ముందు వచ్చే ఈ నలభై రోజులూ మాంసం మానేసినట్టే వార్తలు కూడా మానేద్దామనుకుంటున్నాను. యుద్ధాలు, హత్యలు చూశాక జపమాల పట్టుకున్నా మనసు నిలవడం లేదు. ఇలా మానేయడం సరైనదేనా? ఇలాంటి లోకంలో ఈస్టరు సంతోషంగా ఎలా జరుపుకోవాలి?" అని మీరు అడిగారు.

మానేయవద్దండి అనే చెబుతాను. నిద్ర పట్టనంత ఆందోళన ఉంటే సంగతి వేరు. అప్పుడు కొన్నాళ్లు టీవీ కట్టేయండి, డాక్టరుతోనూ మాట్లాడండి. లేదంటే మానాల్సింది వార్త చుట్టూ జరిగే రచ్చని. రాత్రిపూట చానళ్లలో అరుపులు, వాట్సాప్‌లో ఫార్వర్డులు, కామెంట్లలో తిట్లు, వీటికి ఉపవాసం ఉండండి. పొద్దున పేపర్లో చదివిన ఒక్క వార్తని మాత్రం పట్టుకుని ఆ రోజంతా ప్రార్థించండి.

తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారం తర్వాత వచ్చే శుక్రవారం పూజలో బైబిల్లోని యెషయా గ్రంథం 58వ అధ్యాయం చదువుతారు, గుర్తుందా? ఒకపక్క ఉపవాసం ఉంటూనే ఇంకోపక్క పనివాళ్లను పీడించేవాళ్లను దేవుడు అక్కడ నిలదీస్తాడు. ఆకలిగా ఉన్నవాడికి నీ అన్నం పంచు, ఇల్లు లేనివాడిని నీ ఇంటికి తీసుకురా, నాకు కావలసిన ఉపవాసం అదే అంటాడు. ఆకలిగా ఉన్నవాడు ఎక్కడున్నాడో తెలుసుకోకపోతే ఆ ఉపవాసం ఎలా చేస్తాం?

గుడిలో లోకం గొడవలు ఎందుకు అనేవాళ్లు మా విచారణలోనూ, అంటే మా గుడి పరిధిలోని సంఘంలోనూ ఉన్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, ప్రార్థన కాస్తా పార్టీ మీటింగ్ అయిపోతుందని. కానీ మనం చెప్పే విశ్వాస సంగ్రహంలోనే పిలాతు అనే ఒక గవర్నరు పేరుంది. గుడ్ ఫ్రైడే నాడు చేసే పది మహా ప్రార్థనల్లో ఒకటి పరిపాలించేవాళ్ల కోసం, ఒకటి క్రీస్తును నమ్మనివాళ్ల కోసం, ఒకటి కష్టాల్లో ఉన్నవాళ్ల కోసం. క్రీస్తు మరణాన్ని తలచుకునే రోజునే శ్రీసభ, అంటే మన కథోలిక సంఘం, వీళ్లందరినీ పేరుపేరునా తలుస్తోంది.

మా వీధిలో కొన్ని కుటుంబాలం తపస్కాలం శుక్రవారాల్లో ఒక్కో వారం ఒక్కొక్కరి ఇంట్లో సిలువ మార్గం చేసుకుంటాం, అంటే యేసు సిలువ మోసిన దారిని పద్నాలుగు ఘట్టాలుగా తలచుకునే ప్రార్థన. పద్నాలుగు స్థలాల దగ్గరా ఒక్కొక్కరు ఆ వారం తమను కలచివేసిన వార్తను రెండు ముక్కల్లో చెప్పాలి. వ్యాఖ్యానం ఉండకూడదు, పార్టీ పేరు ఎత్తకూడదు. ఒకసారి అయిదో స్థలం, అంటే సీమోను సిలువ మోయడానికి సాయపడిన చోటు, కాంట్రాక్టు పని చేసుకునే ఒకాయన వంతుకు వచ్చింది. "నాది పేపర్లో రాలేదు, చెప్పొచ్చా?" అన్నాడు. నెలరోజుల క్రితం పనిలోకి వెళ్లే గేటు పాస్ ఆపేశారట, అప్పటిదాకా ఇంట్లో కూడా చెప్పలేదట. ఆయన భార్య అక్కడే కూర్చుని ఉంది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు, ప్రార్థన చెప్పుకుని ఆరో స్థలానికి వెళ్లాం. అందరూ చెప్పులు వేసుకుంటుంటే ఒక పెద్దావిడ ఆయన్ని పక్కకు పిలిచి పిల్లల స్కూలు ఫీజు ఎంత బాకీ ఉందో అడిగింది. నాకు ఆ వారం వరకూ అయిదో స్థలం అంత దగ్గరగా అనిపించలేదు.

ఇక ఈస్టరు సంతోషం గురించి. 2025 ఈస్టరు వారం నేను మరచిపోలేను. ఏప్రిల్ 20న పండుగ. ఆ రోజు పోప్ ఫ్రాన్సిస్ బాల్కనీలోకి వచ్చి ఒక్క మాటతో పండుగ శుభాకాంక్షలు చెప్పారు, ఓపిక లేక సందేశాన్ని వేరొకరితో చదివించారు. అందులో ఏముందో చూడండి: గాజా, ఉక్రెయిన్, యెమెన్, సూడాన్, కాంగో, భూకంపంతో కూలిన మయన్మార్. క్రీస్తు లేచాడని చెబుతూనే ఆ పేర్లన్నీ చదివించారు. మర్నాడు పొద్దున ఆయన కన్నుమూశారు.

ఆ మర్నాడు మంగళవారం, కశ్మీరులోని పహల్గాంలో పర్యాటకుల మీద ఉగ్రవాదుల దాడి. 26 మందిని కాల్చి చంపారు, అందులో ఒకరు మన విశాఖ ఆయన. మతం అడిగి మరీ చంపారని తెలిశాక ఆ రాత్రి నా ఫోన్‌లో వచ్చిన ఫార్వర్డులు ఇక్కడ రాయలేను. ముందుకు పంపకుండా ఆపడం నా చేతిలో ఉంది, ఆపాను. బుధవారం జాకెట్లు తెచ్చుకోవడానికి మా టైలరు సాయిబు దగ్గరికి వెళ్లాను. షట్టరు సగం దించి ఉంది. మిషను మీద బట్ట అలాగే ఉంది, ఆయన ఫోన్ చూస్తున్నాడు. నన్ను చూసి లేచి, "చనిపోయినాయన మన ఊరాయనేనట కదమ్మా" అన్నాడు. "అవును భాయ్" అన్నాను. ఇద్దరం కాసేపు ఆయన గురించే మాట్లాడుకున్నాం. పాతబస్తీలో పక్కపక్క కొండల మీద మేరీమాత గుడి, దర్గా, వెంకన్న గుడి ఉన్న ఊరు మనది. ఆ రోజు ఆ షాపుకి వెళ్లకుండా ఉంటే నేను ముందు రోజుల్లో పాడిన అల్లెలూయాకి ఏం విలువ ఉండేదో నాకు తెలియదు.

ఆ తర్వాతి ఆదివారం పూజలో చదివే సువిశేషం, గాయాలు చూస్తేగానీ నమ్మనన్న శిష్యుడు తోమాది. ఏటా ఈస్టరు తర్వాతి ఆదివారం అదే చదువుతారు. లేచి వచ్చిన ప్రభువు చేతుల్లో మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి. వాటినే చూపించి "మీకు శాంతి" అన్నాడు. మీరు వెతుకుతున్న సంతోషం కూడా గాయాలు చూశాక వచ్చేదేనని నా నమ్మకం. అది ఆ ఒక్క ఆదివారమే రావాలని కంగారు పడకండి, పెంతెకోస్తు వరకూ యాభై రోజులు ఈస్టరు కాలమే.

ఒక పని మాత్రం ఈ ఏడాది చేయండి. గుడ్ ఫ్రైడే నాడు గుళ్లో పట్టే చందా పవిత్ర భూమిలోని క్రైస్తవుల కోసం వెళుతుంది. గాజాలో హోలీ ఫ్యామిలీ అని ఒకే ఒక్క కథోలిక విచారణ ఉంది. 2023 అక్టోబరు నుంచి పోప్ ఫ్రాన్సిస్ దాదాపు ప్రతి సాయంత్రం ఆ గుడికి ఫోన్ చేసేవారు. 2025 జులైలో ఇజ్రాయెల్ దాడి ఆ గుడికి తగిలి ముగ్గురు చనిపోయారు. ఈ నలభై రోజుల్లో మాంసం మానగా మిగిలిన డబ్బు ఒక కవరులో వేస్తూ ఉండండి. ఆ కవరు శుక్రవారం చందాలో వేసేముందు ఆ గుడి వార్త ఒకసారి చదివి వెళ్లండి.