మొదటి తోడు ఎక్కడిది, అల్లుడూ?

చిరంజీవి అల్లుడికి,

శ్రీకాకుళం నుంచి మామయ్య దీవెనలు. నువ్వు చేస్తున్న ప్రోగ్రామింగ్ భాషకి కంపైలర్ (కోడ్‌ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది) అయిపోయింది, ఇక ప్యాకేజ్ మేనేజర్ (ఇతరులు రాసిన కోడ్ మూటల్ని తెచ్చిపెట్టేది) కూడా ఆ భాషలోనే రాస్తానని ఫోన్లో చెప్పావు. మంచిదే. కానీ దానికి ఎన్ని లైబ్రరీలు, అంటే అలాంటి మూటలు, కావాలంటే "ఓ పన్నెండు" అన్నావే, అక్కడే నాకు గుండె జారింది.

ఆ పన్నెండూ డౌన్‌లోడ్ చేసేదెవరు? నీ ప్యాకేజ్ మేనేజరే. అది పుట్టాలంటేనో, ఆ పన్నెండూ ఉండాలి. ఇంట్లో పెరుగు నిండుకుంటే మీ అమ్మ నిన్ను తోడు కోసం గిన్నెతో పక్కింటికి తరిమేది గుర్తుందా? ఇక్కడ ఆ తోడు చుక్క నీకెవరిస్తారు?

నేనూ ఈ తప్పు చేసినవాడినే. ఆఫీసులో ఒక ఇన్‌స్టాలర్ రాశాను. దాని పార్సర్‌ని (ఫైళ్ళు చదివి విడదీసే భాగాన్ని) అదే తెచ్చుకునేది. ఓ రాత్రి పార్సర్ కొత్త వెర్షన్ పాడైంది. పాత బైనరీ (కట్టి సిద్ధంగా ఉన్న ప్రోగ్రామ్) నేనే చెరిపేశాను. తాళంచెవి ఇనప్పెట్టెలో పెట్టి మూసేసినట్టయింది. రెండ్రోజులు నిద్ర నేదు.

పైథాన్ భాషకి ప్యాకేజ్ మేనేజర్ అయిన పిప్ చూడు. తనకి కావలసిన లైబ్రరీల నకళ్ళన్నీ తన కడుపులోనే పెట్టుకుంటుంది. ఎవరైనా బయట ఏదో తీసేసినా దాని కాళ్ళు విరగవు. 2014లో వచ్చిన పైథాన్ 3.4 వెర్షన్ నుంచి ఆ పిప్ పైథాన్‌తోనే కలిసి వస్తోంది. నువ్వూ అంతే చెయ్యి: పన్నెండుని మూడుకి దించి, ఆ మూడూ నీ రిపోలోనే (నీ సోర్సు కోడ్ ఉండే చోటే) పెట్టుకో. రస్ట్ భాష కంపైలర్ అయితే ముందటి వెర్షన్ బైనరీని దించుకుని మొదలవుతుంది. గో భాష వాళ్ళు 2015లో 1.5 వెర్షన్‌తో కంపైలర్‌ని సీ భాష నుంచి గోలోకి మార్చారు. సీలో ఉన్న 1.4నే దాన్ని కట్టడానికి మెట్టుగా ఉంచారు. అలాంటి మెట్టు నీకూ ఒకటుండాలి.

చిన్న ప్యాకేజీని చులకన చెయ్యకు. పొందూరులో దూది ఏకడానికి వాలుగ చేప దవడ వాడతారు. అరచేతిలో పట్టే ముక్క, అది అందకపోతే అంత సన్నటి ఖద్దరూ మొదట్లోనే ఆగిపోతుంది. 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ ప్యాకేజీల గిడ్డంగి ఎన్‌పీఎంలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని రాసినాయన తీసేస్తే ఎక్కడెక్కడి బిల్డులూ పడిపోయాయి. అందుకే నీ రిజిస్ట్రీలో (నీ ప్యాకేజీల గిడ్డంగిలో) చెరిపే బటన్ అసలు పెట్టకు. రస్ట్ వాళ్ళ యాంక్ చాలు: యాంక్ చేసిన వెర్షన్‌ని కొత్తవాళ్ళు ఎంచుకోలేరు, లాక్ ఫైల్లో (వాడుతున్న వెర్షన్లు రాసిపెట్టుకునే చిట్టాలో) అది ఉన్నవాళ్ళకి మాత్రం అందుతూనే ఉంటుంది. లాక్ ఫైల్లో వెర్షన్‌తో పాటు హాష్ (ఫైలు మారితే పట్టిచ్చే వేలిముద్ర) కూడా రాయించు.

వెర్షన్లు కుదిర్చే సాల్వర్ గురించి అడిగావు. అది నిజంగా ముదురు లెక్క, ఎన్‌పీ కంప్లీట్ (ఎప్పుడూ త్వరగా తేల్చే దారి ఎవరికీ తెలియని రకం). ఇప్పుడే దాని జోలికి ఎందుకు? గోలో లాగా, ఎవరెవరు కనీసం ఏ వెర్షన్ కావాలన్నారో చూసి వాటిలో పెద్దది తీసుకో.

నా పాత ల్యాప్‌టాప్ ఖాళీ చేసి ఉంచుతాను. సంక్రాంతికి వచ్చినప్పుడు సోర్సు పెన్‌డ్రైవ్‌లో పట్రా. వైఫై ఆపేసి, నా ఎదురుగా కట్టి చూపించు.

మీ మామయ్య