టెక్ సందేహాలు: చోక్ తీస్తే ఆగిపోయే జనరేటర్

ప్రశ్న: వేసవిలో వాడి మూలన పెట్టిన 2 కేవీఏ పెట్రోల్ జనరేటర్‌ని ఇప్పుడు బయటికి తీశాం. చోక్ వేసి తాడు లాగితే నాలుగోసారికి స్టార్టవుతోంది, చోక్ తీయగానే ఆగిపోతోంది. ప్లగ్గు మార్చినా అంతే. ఇంజిన్ విప్పాలంటున్నాడు మెకానిక్.
– ఓ పాఠకుడు, సింగ్‌నగర్, విజయవాడ

ఇంజిన్ జోలికి ఇప్పుడే వెళ్లనివ్వకండి. చోక్ మీద తిరుగుతోందంటే స్పార్కూ ఉంది, కంప్రెషనూ ఉంది. అందాల్సినంత పెట్రోలే అందడం లేదు. చోక్ గాలిని తగ్గిస్తుంది కాబట్టి వచ్చే ఆ కాస్త పెట్రోలుతో నెట్టుకొస్తోంది. చాలావరకు ఇది కార్బురేటర్‌లో జెట్టు, అంటే పెట్రోల్ వెళ్లే సన్నని రంధ్రమున్న ముక్క, పూడుకుపోవడమే. పైలట్ జెట్టు రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. నిల్వ పెట్రోల్ ఆవిరైపోగా మిగిలే జిగురు దాన్ని మూసేయడానికి చాలు. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. ఆ తేమ మోతాదు మించితే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగుకి దిగుతాయి.

ముందు పెట్రోల్ కాక్ కట్టేయండి. కార్బురేటర్ కింది గిన్నెకి ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, అందులోంచి వచ్చేదాన్ని గాజు సీసాలో పట్టి వెలుతురులో చూడండి. ముదురు పసుపు రంగు, వార్నిష్ లాంటి వాసన ఉంటే పెట్రోల్ పాడైనట్టే. అడుగున వేరే పొర కనిపిస్తే అది నీళ్లే. ట్యాంకులోదీ పారబోయాల్సిందే, కొత్తది కలిపితే బాగుపడదు. తర్వాత గిన్నె బోల్టు విప్పి, రబ్బరు గాస్కెట్ చిరక్కుండా తీసి, జెట్లకు కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టండి. పిన్నీసుతో మాత్రం పొడవొద్దు, రంధ్రం పెద్దదైతే పెట్రోల్ తాగుతుంది, పొగ కక్కుతుంది. అంతగా కావాలంటే కరెంటు వైరులోని ఒక్క రాగి పోగు చాలు. ఇదంతా చేసినా మార్పు లేకపోతే కార్బురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య గాస్కెట్ దగ్గర గాలి లాగుతోందేమో చూడమనండి.

ఇకమీదట మూలన పెట్టేముందు ఇంజిన్ నడుస్తుండగానే కాక్ కట్టేసి, దానంతటదే ఆగిపోనివ్వండి. గిన్నె ఖాళీ అయితే జిగురెక్కడిది?

మీది సింగ్‌నగర్ కాబట్టి ఇంకో మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినట్టు ఇంజిన్ నీట మునిగితే ‘ఒకసారి చూద్దాం’ అని తాడు లాగకండి. సిలిండర్‌లో చేరిన నీళ్లు గాలిలా నొక్కుకుపోవు, పిస్టన్‌కి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ముందు ప్లగ్గు విప్పి నీళ్లు బయటికి పోనివ్వాలి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే పూర్తిగా మార్చాలి.

ప్రశ్న: మా మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ ఉంది, ఆన్‌గ్రిడ్ (వీధి కరెంటు లైనుకి కలిపింది). కరెంటు పోతే పట్టపగలు కూడా పనిచేయదు. జనరేటర్ నుంచి రెండు వైపులా ప్లగ్గులున్న వైరుతో ఇంట్లో సాకెట్‌కి ఇస్తే సోలార్ లేస్తుందా?
– ఓ పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

ఆ వైరుని ఇవాళే కత్తిరించి పారేయండమ్మా. ఒక కొన సాకెట్‌లో ఉండగా రెండో కొన ఊడితే, బయటికి కనిపించే ఆ పిన్నుల్లో 230 వోల్టులుంటాయి. మెయిన్ కట్టేయడం మరిచారా, మీ కరెంటు వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లో వెనక్కి నడిచి 11 వేల వోల్టులవుతుంది. స్తంభం మీద ఉండేది లైన్‌మన్. గ్రిడ్ పోగానే సోలార్ ఆగిపోయేదీ అందుకే, అది లోపం కాదు.

పోనీ సోలార్ లేచిందనుకున్నా, ఇంట్లో వాడకం పోగా మిగిలిన కరెంటు జనరేటర్ మీదికి తన్నుతుంది. దాన్ని మింగే శక్తి చిన్న జనరేటర్‌కి లేదు. వోల్టేజి ఎగిరి టీవీలూ ఫ్రిజ్‌లూ పోతాయి. ఇంటి లైనుని మెయిన్ నుంచి జనరేటర్‌కి మార్చే, ఫేజూ న్యూట్రలూ రెండూ మారే డబుల్ పోల్ చేంజోవర్ స్విచ్ మీటరు తర్వాత పెట్టించండి, సోలార్ లైను మెయిన్ వైపే ఉంచమనండి. కరెంటు లేనప్పుడూ సోలార్ కావాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టరే దారి.

ప్రశ్న: జనరేటర్ వేస్తే ఇన్వర్టర్ ఛార్జ్ కావడం లేదు.
– ఓ పాఠకుడు, పటమట, విజయవాడ

ఇన్వర్టర్ యూపీఎస్ మోడ్‌లో ఉండి ఉంటుంది. ఆ మోడ్‌లో ఇంచుమించు 180 నుంచి 260 వోల్టుల మధ్య నిలకడగా ఉన్న కరెంటునే తీసుకుంటుంది, చిన్న జనరేటర్ ఊగిసలాటకి ఒప్పుకోదు. వెనకున్న స్విచ్ నార్మల్ మోడ్‌కి మార్చి చూడండి. కంప్యూటర్ ఉంటే కరెంటు మారేటప్పుడు రీస్టార్ట్ కావచ్చు. అన్నట్టు, జనరేటర్ మెట్ల కింద పెట్టలేదు కదా? దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. కిటికీలకు 20 అడుగుల దూరంలో, సైలెన్సర్ బయటికి తిప్పి పెట్టండి.