అమ్మగారి మతిమరుపు: ముందు చెవులు చూపించండి

మీరు చెప్పినదాన్ని బట్టి చిక్కు వినికిడిలో ఉన్నట్టుంది. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉన్న 71 ఏళ్ల అమ్మగారు రోజూ సుడోకు చేస్తున్నా పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి మర్చిపోతున్నారు, టీవీ సౌండ్ పెంచేస్తున్నారు అన్నారు కదా. సగమే వినపడితే ఆ మాటను పోల్చుకోవడానికే మెదడు అలిసిపోతుంది, గుర్తుపెట్టుకోవడానికి ఓపిక మిగలదు.

1. ఈఎన్‌టీ డాక్టరుతో చెవిలో గులిమి ఉందేమో చూపించి, ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించండి. 'వయసు కదా' అని అందరూ వదిలేసేది ఇదే. వైద్య పత్రిక లాన్సెట్ నిపుణుల కమిషన్ 2024లో చెప్పిన, మనం సరిచేసుకోగల 14 డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముప్పుల్లో వినికిడి లోపం ఒకటి.

వినికిడి మిషన్ ఇస్తే రోజంతా పెట్టుకోవాలి. మొదటి కొన్ని వారాలు గోలగా ఉందని తీసేస్తారు, దయచేసి అప్పుడు పక్కనే ఉండండి.

2. బి12 విటమిన్, థైరాయిడ్, షుగర్, బీపీ పరీక్షలు కూడా చేయించండి.

3. నడక, పక్కింటివాళ్లతో ఒడియా కబుర్లు మానొద్దు. 2013లో హైదరాబాద్‌లో 648 మంది డిమెన్షియా రోగులను చూస్తే, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సుమారు 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైంది.

తెలిసిన వీధిలో దారి తప్పినా, డబ్బు లెక్క తడబడినా ఆగకండి. బరంపురమో విశాఖో న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి.